హార్బరు వైపు నుంచి విశాఖ



విశాఖపట్నం చూడ్డానికి వచ్చేవాళ్ల దారి దాదాపు ఒకే రకంగా ఉంటుంది. పొద్దున్నే రైలు దిగుతారు. సింహాచలం వెళ్లి అప్పన్న దర్శనం చేసుకుంటారు. కైలాసగిరి ఎక్కుతారు. సాయంత్రం రామకృష్ణా బీచిలో కాళ్లు తడుపుకుని, మొక్కజొన్న పొత్తు తిని, మర్నాడు అరకు బండి ఎక్కేస్తారు. అవన్నీ చూడదగ్గవే. అయితే ఈ ఊరు ఎందుకు పుట్టిందో, ఎందుకు ఇంత పెరిగిందో, తూర్పు నౌకాదళం ఇక్కడే ఎందుకు స్థిరపడిందో ఆ దారిలో ఎక్కడా తెలియదు. తెలియాలంటే ఊరి దక్షిణపు కొసకి, హార్బరు వైపుకి వెళ్లాలి. అందుకు ఒక్క రోజు చాలు. ఆ రోజు ఎలా గడపొచ్చో ఈ పూట మీకు చెప్పాలని ఉంది. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, చెప్పడంలో కొంత అభిమానం ఉంటే ఉండనివ్వండి.

రోజు తెల్లవారుజామునే మొదలుపెట్టండి. ముందుగా ఫిషింగ్ హార్బరుకి రండి. సూర్యుడు పైకి రాకముందే అక్కడ సగం వ్యాపారం అయిపోతుంది. పది, పదిహేను రోజులు సముద్రం మీద ఉండి వచ్చిన మరపడవలు జెట్టీకి ఆనుకుని, ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. కింది గదుల్లోంచి ఐసులో ఉన్న చేపల్ని గంపలతో పైకి అందిస్తుంటారు. సిమెంటు నేల మీద కుప్పలు పోస్తారు. వంజరం ఒక కుప్ప, చందువ ఒక కుప్ప, కానాగంతలు ఒక కుప్ప, టేకు చేపలు విడిగా. కుప్ప చుట్టూ జనం మూగుతారు. పాట మొదలవుతుంది. పాట పాడే మనిషి నోట్లోంచి అంకెలు ఎంత వేగంగా వస్తాయంటే, కొత్తవాళ్లకి ఒక్కటీ అందదు. కొనేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కుప్పలో ఒక్క చేపని పైకెత్తి, మొప్ప విప్పి, లోపలి ఎరుపు చూస్తారు. అంతే, ధర నిర్ణయించేసుకుంటారు. తల కొంచెం ఊపితే పాట ముగిసినట్టు. మరుక్షణం ఐసు పొడి, గంప, ఆటో. పది గంటలకి ఆ చేప మధురవాడలోనో గాజువాకలోనో ఒక వీధిలో అమ్ముడవుతుంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మాత్రం రాకండి. వచ్చినా ఈ సందడి ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ 61 రోజులు మరపడవల వేట నిషేధం. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మనుషులు వలలు బాగుచేసుకుంటూ, బోట్లకి రంగులు వేసుకుంటూ కనిపిస్తారు.

ఇప్పుడు జెట్టీ మీద నిలబడి దక్షిణం వైపు తలెత్తి చూడండి. సముద్రంలోకి చొచ్చుకుపోయి ఒక పెద్ద కొండ నిలబడి ఉంటుంది. దాదాపు 350 మీటర్ల ఎత్తు. పేరు డాల్ఫిన్ నోస్. ఈ ఊరి చరిత్రంతా ఆ కొండ చేసిన ఉపకారమే. మన తూర్పు తీరం చాలా దూరం వరకు తిన్నగా, నున్నగా ఉంటుంది. ఓడ తలదాచుకునే చోటు అరుదు. నైరుతి ఋతుపవనాల్లో అలలు దక్షిణం నుంచి వచ్చి కొడతాయి. ఆ అలలకి ఈ కొండ అడ్డు. కొండకి ఉత్తరంగా, దాని నీడలో, ఒక ఏరు సముద్రంలో కలిసేది. దాని వెనక పాటు పోటులకి నిండి తగ్గే పెద్ద చిత్తడి నేల ఉండేది. ఇప్పుడు మీరు చూసే పోర్టంతా ఒకప్పటి ఆ బురదలోనే ఉంది.

పోర్టు కట్టకముందు ఓడలు లోపలికి వచ్చేవి కావు. దూరంగా, నడి నీళ్లలో లంగరు వేసేవి. సరుకైనా మనిషైనా మసూలా పడవల్లోనే ఓడ దాకా వెళ్లాలి. ఆ పడవలకి మేకులుండవు. పలకల్ని కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. ఒడ్డున విరిగే కెరటం కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది. కుట్టిన పడవ కొద్దిగా వంగి తట్టుకుంటుంది. ఆ పని తెలిసిన జాలరుల చేతుల మీదే ఈ తీరం వ్యాపారమంతా నడిచింది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని రంగూన్ వెళ్లిన వేలాది కూలీలు ఈ తీరం ఓడరేవుల నుంచే, ఇలాంటి పడవలెక్కే బయలుదేరారు. పోర్టు చరిత్ర చెప్పేటప్పుడు వైస్రాయిల పేర్లు వినిపిస్తాయి. ఈ పడవలు కుట్టినవాళ్ల పేర్లు ఒక్కటీ మిగల్లేదు. ఆ వెలితి నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

లోపలి హార్బరు పని 1920లలో మొదలైంది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని విదేశాలకి పంపడానికి దగ్గర దారి కావాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా కొత్త లైను వేశారు. అది 1931 నాటికి పూర్తయింది. ఆ రైలు చివర ఓడ నిలబడాలి కాబట్టి చిత్తడి నేలని తవ్వి, ఆ మట్టితోనే పక్కన మెరక చేసి, ఇంజినీర్లు రేవు కట్టారు. అసలు కష్టం తవ్వకంలో లేదు, ఇసుకలో ఉంది. ఈ తీరం వెంబడి ఏటా లక్షల టన్నుల ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొస్తుంది. ఎంత తవ్వినా కాలవ మూసుకుపోతుంది. అప్పుడు వాళ్లొక ఉపాయం చేశారు. రెండు పాత ఓడల్ని తెచ్చి, వాటి కడుపులో రాళ్లు నింపి, కాలవ ముఖానికి దక్షిణంగా ముంచేశారు. ఆ ఓడల గోడ అలల్ని ఆపింది. ఇసుక దాని వెనకే పేరుకుంది. పేరుకున్నదాన్ని డ్రెడ్జరుతో తోడెయ్యడం మొదలుపెట్టారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ అనే ప్రయాణికుల ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు.

ఆ ఇసుక కథ ఇంకా ముగియలేదు. రేవు దగ్గర ఆగిపోయిన ఇసుక ఉత్తరానికి రాకపోతే బీచి కోసుకుపోతుంది. అందుకని హార్బరు దగ్గర తోడిన ఇసుకని తెచ్చి బీచి మీద పోస్తుంటారు. రామకృష్ణా బీచిలో పిల్లలు గూళ్లు కట్టుకునే ఇసుకలో కొంత అలా వచ్చిందే.

ఫిషింగ్ హార్బరు నుంచి పాత ఊళ్లోకి వస్తే, కాలవకి ఉత్తరపు ఒడ్డున పక్కపక్కనే మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద మేరీమాత ప్రార్థనాలయం, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మేరీమాత కొండని రాస్ హిల్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పేరే కొండకి నిలిచిపోయింది. మెట్లెక్కి పైన నిలబడండి. కింద కాలవ. అవతల డాల్ఫిన్ నోస్. మీ అదృష్టం బాగుంటే అదే సమయానికి ఒక ఓడ లోపలికి వస్తుంటుంది. ముందూ వెనకా టగ్గులు, ఓడ మీద పోర్టు పైలెట్. అంత పెద్ద ఓడ ఇంత ఇరుకు దారిలో, చప్పుడు లేకుండా, మీ కాళ్ల కిందనుంచి పోతున్నట్టు ఉంటుంది. డెక్కు మీద నిలబడ్డ నావికుడి మొహం కూడా కనిపిస్తుంది. టికెట్టు కొని చూసేవాటిలో ఇంత గొప్ప దృశ్యం ఈ ఊళ్లో మరొకటి లేదని నా నమ్మకం. దీనికి మాత్రం టికెట్టే లేదు.

ఒకప్పుడు దేశవాళీ పడవలు ఈ దర్గా ముందునుంచి పోయేటప్పుడు జెండాని మూడుసార్లు ఎత్తి దించేవని 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరులో రాసి ఉంది. పడవ ఎవరిదన్నది లెక్క కాదు. సముద్రం మీదికి పోయేవాడికి భయం ఒకటే. వేటకి వెళ్లే కుటుంబాలవాళ్లు ఇప్పటికీ మూడు కొండలకీ దండం పెట్టుకుంటారు.

కొండ దిగితే వన్ టౌన్. 1682లో ఈస్టిండియా కంపెనీ తన వర్తక స్థావరాన్ని పెట్టుకున్నది ఇక్కడే. దానికి కట్టుకున్న కోట ఇప్పుడు లేదు. కోటవీధి అన్న పేరు ఉంది. నడవండి. సందులు ఇరుకు, ఆటో కన్నా కాళ్లే మేలు. కురుపాం మార్కెట్టు, బొబ్బిలి రాజావారు కట్టించి ఇచ్చిన టౌన్ హాలు, విక్టోరియా రాణి విగ్రహం, పాత చర్చిలు, పెంకుటిళ్లు, మేడలు అన్నీ ఒక గంటలో కాలినడకన చూడొచ్చు. సెయింట్ అలోషియస్ బడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. సి.వి. రామన్ చిన్నప్పుడు చదివింది ఆ బడిలోనే. వాళ్ల నాన్నగారు ఇక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ ప్యాసైన ఆ పిల్లవాడు రోజూ చూసిన సముద్రం ఇదే. తర్వాతి కాలంలో ఆయన సముద్రపు నీలం గురించి ఎంత ఆలోచించాడో తెలిసినవాళ్లకి ఆ చోట నిలబడటం ఒక ఆనందం.

ఆ దాపునే పాత యూరోపియన్ల సమాధుల తోట ఉంది. అందులో ఒక స్తంభం 1780 నాటి సంగతి చెబుతుంది. అప్పట్లో హైదర్ అలీతో యుద్ధానికి మద్రాసు వెళ్లమని, ఓడ ఎక్కమని ఇక్కడి సిపాయిలకి కంపెనీ హుకుం జారీ చేసింది. ఆ సిపాయిలు ఈ సర్కారు జిల్లాలవాళ్లు. అక్టోబరు 3న వాళ్లు ఓడ ఎక్కం పొమ్మన్నారు. తుపాకులు ఎదురు తిప్పారు. కొందరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. 1857కి 77 ఏళ్ల ముందు జరిగిన తిరుగుబాటు ఇది. స్తంభం చనిపోయిన అధికారుల పక్షాన నిలబడింది. ఓడ ఎక్కనన్న సిపాయిలకి మాత్రం ఈ ఊళ్లో ఏ గుర్తూ లేదు. ఇది మనం సరిదిద్దుకోవలసిన విషయం.

ఇంకో ఇరవై నాలుగేళ్లకి ఇదే ఒడ్డు ముందు ఒక నౌకాయుద్ధం జరిగింది. మనలో చాలామందికి ఈ సంగతే తెలియదు. 1804 సెప్టెంబరు 15. నెపోలియన్ కాలం. బ్రిటిషు యుద్ధనౌక సెంచూరియన్, దాని రక్షణలో కంపెనీవారి రెండు సరుకు ఓడలు బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ ఇక్కడ లంగరు వేసి ఉన్నాయి. పొద్దున్న దక్షిణం దిక్కునుంచి మూడు ఓడలు వచ్చాయి. ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ తన పెద్ద యుద్ధనౌక మారెంగోతో, రెండు ఫ్రిగేట్లతో దిగాడు. మారెంగో మీద 74 ఫిరంగులు, సెంచూరియన్ మీద 50. పైగా సెంచూరియన్ కెప్టెను అప్పుడు ఒడ్డున ఉన్నాడు. కాల్పులు మొదలయ్యాక పడవ వేసుకుని వెళ్లి తన ఓడ ఎక్కాడు. బార్నబీ ఒడ్డుకి కొట్టుకొచ్చి కెరటాల్లో పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ని కాపాడింది లోతు తక్కువ నీళ్లు. అది ఒడ్డుకి దగ్గరగా జరిగి నిలబడింది. భారీ ఓడ కావడంతో మారెంగో నేలకి తగులుతానేమోనన్న భయంతో దగ్గరికి రాలేకపోయింది. ఒడ్డు మీది ఫిరంగులు కూడా తోడయ్యాయి. చివరికి ఫ్రెంచివాళ్లు పట్టుకున్న ఓడని తీసుకుని వెళ్లిపోయారు. ఆ ఉదయం గుళ్ల చప్పుడు విని ఇసుకలోకి పరుగెత్తుకొచ్చిన ఊరివాళ్లు ఏం చూశారో, ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఎవరి యుద్ధమో మన గుమ్మం ముందు జరిగింది.

పాత ఊళ్లో మధ్యాహ్న భోజనం దొరకడం కష్టం కాదు. మంచి వంజరం వేపుడు దొరికే చిన్న హోటళ్లు పుష్కలంగా ఉన్నాయి. తిని, బీచి రోడ్డు పట్టుకుని ఉత్తరానికి రండి.

దారిలో విశాఖ మ్యూజియం. ఒక పాత డచ్చి బంగళాలో 1991లో పెట్టారు. అక్కడ ఒక బాంబు ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంతకు ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది. బంగాళాఖాతంలోకి వచ్చిన విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలవి. దేశం మొత్తం మీద జపాను బాంబులు పడ్డ మొదటి ఊళ్లలో మనది ఒకటి. పెద్దగా నష్టం జరగలేదు గానీ ఊరు ఖాళీ అయిపోయింది. జనం బళ్లు కట్టుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకి పోయారు. "జపానోడి బాంబు పడ్డ ఏడాది" అని కాలం లెక్కపెట్టుకునే ముసలివాళ్లని నా చిన్నప్పుడు నేను ఎరుగుదును. ఆ యుద్ధం నాటి కాంక్రీటు పిల్‌బాక్సులు, అంటే సిపాయి లోపల కూర్చుని తుపాకీ పేల్చే చిన్న గదులు, ఇసుక కోసుకుపోయినప్పుడు బీచిలో ఇప్పటికీ బయటపడుతుంటాయి. ఈసారి అలాంటి దిమ్మె కనిపిస్తే పాత సిమెంటు ముక్క అనుకోకండి.

ఆ బాంబులు పడేనాటికి కాలవ పక్కన ఇంకో పని జరుగుతోంది. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ ఓడలు కట్టే కార్ఖానా పెట్టుకుంది. దానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఓడలు నడపడమే తప్ప కట్టడం మీకెందుకన్న ప్రభుత్వం ఉన్న రోజుల్లో పూనుకున్న పని అది. యుద్ధం వల్ల ఆలస్యమైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడికి వచ్చి జల ఉష అనే ఓడని నీళ్లలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి పెద్ద ఓడ అది. ఆ కార్ఖానాయే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. లోపలికి మామూలుగా రానివ్వరు. అయితే సింధియా జంక్షనులో దిగి నిలబడితే క్రేనులు కనిపిస్తాయి. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు బయటికొచ్చే మనుషులు కనిపిస్తారు. మూడు తరాలుగా అదే గేటులోంచి పనికి వెళ్లిన కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఉన్నాయి.

ఇక నౌకాదళం మాట. విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళ కమాండు 1968లో ఏర్పడింది. మూడేళ్లకే పరీక్ష వచ్చింది. 1971 నవంబరు 14న పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ కరాచీలో బయలుదేరింది. అది అమెరికాలో డయాబ్లో పేరుతో పుట్టిన జలాంతర్గామి. అప్పట్లో మన దగ్గరున్న విమానవాహక నౌక విక్రాంత్ ఒక్కటే. దాన్ని పట్టుకోవడానికే గాజీ శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. తూర్పు కమాండు అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని ముందే అండమాన్ వైపు పంపేశారు. దాని బదులు రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరుని విశాఖ దగ్గర ఉంచి, విక్రాంత్ ఇక్కడే ఉందనిపించేలా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ కాలవ దాటి బయటికి వస్తూ నీళ్లలో అలజడి చూసి డెప్త్ ఛార్జీలు వేసింది. కాసేపటికి పెద్ద పేలుడు. ఊళ్లో కిటికీలు అదిరాయి. తెల్లారి వేటకి వెళ్లిన జాలరులకి నూనె తెట్టు, విరిగిన సామాను కనిపించాయి. వాళ్లు తెచ్చి చూపించిన వస్తువుల వల్లే మునిగింది ఏ ఓడో నిర్ధారణ కావడం మొదలైంది.

మన నౌకాదళం అది రాజ్‌పుత్ దెబ్బ అంటుంది. లోపల ఏదో పేలిందనో, తాను వేసిన మందుపాతరకే తాను తగిలిందనో పాకిస్తాన్ అంటుంది. ఈ వాదన తెగలేదు. 2017లో వచ్చిన తెలుగు సినిమా చూసినవాళ్లు కథ తెలిసిపోయిందనుకుంటారు. సినిమా కల్పన వేరు, జరిగింది వేరు. గాజీ ఇప్పటికీ ఈ తీరానికి దగ్గర్లోనే సముద్రం అడుగున ఉంది. దాంతోపాటు తొంభై మందికి పైగా నావికులు. వాళ్లు శత్రువులే, మన ఓడని ముంచడానికి వచ్చినవాళ్లే. అయినా బీచిలో నిలబడి ఆ దిక్కు చూసినప్పుడు వాళ్లనీ తలుచుకోవాలని పిల్లలకి నేను చెబుతుంటాను. నీళ్ల కింద చావు ఎలా ఉంటుందో తెలిసిన మన జలాంతర్గామి నావికులు కూడా ఈ మాటకి తప్పు పట్టరు.

అది అర్థం కావాలంటే కుర్సురా లోపలికి వెళ్లాలి. ఆ జలాంతర్గామి బీచి ఒడ్డున కాంక్రీటు దిమ్మెల మీద కూర్చుని ఉంది. సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. సముద్రంలోంచి ఒడ్డుకి లాగి, 2002లో మ్యూజియంగా తెరిచారు. దక్షిణాసియాలో ఇలాంటిది ఇదే మొదలు. పొడవు 91 మీటర్లు. అందులో ఉండేది 75 మంది.

లోపల ఏడు గదులు. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనుప ద్వారం. వంగి, ముందు కాలు పెట్టి, తర్వాత తల దూర్చి వెళ్లాలి. నీళ్లు వస్తే ఆ తలుపు బిగించేస్తారు. అవతల ఎవరున్నా బిగించక తప్పదు. మొదటి గదిలో టార్పెడో గొట్టాల ఇత్తడి తలుపులు తళతళలాడుతుంటాయి. టార్పెడోల పక్కనే పడుకునే పలకలు. పలక వెడల్పు భుజాల వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. ఒకడు కాపలాకి లేస్తే ఇంకొకడు అదే పలక మీద వాలతాడు. మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి, స్నానం మాట ఎత్తకూడదు. ఇంజను గదిలో డీజిలు వాసన ఇన్నేళ్లయినా పోలేదు. వంటగది మన ఇళ్లలో పూజ అలమరంత ఉంటుంది. అందులోనే అంతమందికీ మూడు పూటలా వండాలి. గోడలన్నీ చక్రాలు, మీటలు, ముళ్లున్న గుండ్రటి మీటర్లు. వాటి పక్కన రష్యన్ అక్షరాలు. చూపించేవాళ్లు చాలావరకు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే. తొందరపడి బయటికి పోకండి. ఒక్క ప్రశ్న అడగండి. "నీళ్ల కింద ఉన్నప్పుడు పగలో రాత్రో ఎలా తెలిసేది సార్?" అని ఒక అమ్మాయి అడగడం నేను విన్నాను. "తెలిసేది కాదమ్మా, ఏం వండారో చూసి పొద్దుటిదో రాత్రిదో అనుకునేవాళ్లం" అన్నాడాయన. ఆ పిల్ల అది మర్చిపోతుందని నేను అనుకోను.

ఎదురుగా రోడ్డు అవతల టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ జలాంతర్గాముల్ని వెతికిన విమానం అది. 2017లో రిటైరైంది. సమయం ఉంటే చూడండి. లేకపోతే బాధపడనక్కర్లేదు.

సాయంత్రానికి విక్టరీ ఎట్ సీ స్థూపం దగ్గరికి రండి. 1971 యుద్ధం జ్ఞాపకంగా 1996లో కట్టారు. ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం. ఆ రోజుల్లో బీచి ముందు యుద్ధనౌకల విన్యాసాలు జరిగితే ఊరంతా ఇసుకలోనే ఉంటుంది. మామూలు సాయంత్రాల్లో కూడా దూరంగా, రేవులో చోటు కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే సరుకు ఓడలు దీపాలు వెలిగించుకుని కనిపిస్తాయి. మన దేశపు తొలి అణు జలాంతర్గామి అరిహంత్‌ని 2009 జులై 26న నీళ్లలోకి వదిలింది కూడా ఈ ఊళ్లోనే. అంటే మసూలా పడవ నుంచి అణు జలాంతర్గామి దాకా అన్నీ ఆ ఒక్క కొండ నీడలోనే జరిగాయి.

డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌసు సంగతి అడుగుతారేమో. 1957 నాటిది. సాయంత్రం కొద్ది గంటలు సందర్శకుల్ని రానిస్తారు. పైనుంచి ఊరూ రేవూ సముద్రమూ ఒక్క చూపులో కనిపిస్తాయి. అయితే మధ్యలో కాలవ ఉంది కనుక అటు వెళ్లాలంటే పోర్టు వెనకనుంచి చుట్టు తిరిగి సింధియా మీదుగా వెళ్లాలి. ఒక్క రోజులో లైట్‌హౌసు, కుర్సురా రెండూ కుదరవు. ఒకటే ఎంచుకోమంటే నేను కుర్సురానే ఎంచుకుంటాను. రెండో రోజు ఉంటే లైట్‌హౌసు, యారాడ బీచి పెట్టుకోండి.

చివరగా రెండు విన్నపాలు. నగరపాలక సంస్థ వారికీ పర్యాటక శాఖ వారికీ మొదటిది. బీచి వైపు పెట్టే ఖర్చులో కొంత వన్ టౌన్ వైపు పెట్టండి. 1780 తిరుగుబాటు జరిగిందనీ, 1804 యుద్ధం ఈ నీళ్లలోనే జరిగిందనీ తెలుగులో ఒక్కొక్క ఫలకం పెట్టడానికి పెద్ద పద్దు అక్కర్లేదు. సమాధుల తోటలో పిచ్చిమొక్కలు పెరగకుండా చూసే మనిషి ఒకడుంటే చాలు. కూలిపోతున్న పాత మేడలు మాత్రం ఎక్కువ కాలం ఆగవు.

రెండో విన్నపం ఉపాధ్యాయులకి. విజయనగరం, శ్రీకాకుళం, తూర్పు గోదావరి బడుల నుంచి పిల్లల్ని విహారయాత్రకి తెస్తుంటారు కదా. ఈసారి బస్సుని ముందు రాస్ హిల్ దగ్గర ఆపండి. ఓడ కాలవలోకి రావడం పిల్లలు ఒక్కసారి కళ్లారా చూస్తే, పుస్తకంలో ఓడరేవుల పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. పిల్లల చేతుల్లో మంచినీళ్ల సీసాలు ఉంచండి. నౌకాదళం ప్రాంతాల్లో ఫోటోలు తియ్యకుండా చూడండి. ప్రయాణం మాత్రం సోమవారం పెట్టుకోకండి. ఆ రోజు కుర్సురాకి సెలవు.